తుఫాను కాలంలో పడవలోనే కాపురం: ఉండాలా, ఒడ్డెక్కాలా?

నీలిదారి
అందరికీ నమస్కారం. మేం భార్యాభర్తలం, 40 అడుగుల సెయిలింగ్ యాట్‌లో కాపురం ఉంటున్నాం. ఒడ్డున వేరే ఇల్లు లేదు. ప్రస్తుతం కరీబియన్ తూర్పు దీవుల్లో లంగరేసి ఉన్నాం. ఇన్నాళ్లూ చలికాలపు వ్యాపార పవనాల్లోనే తిరిగాం కాబట్టి పెద్ద ఇబ్బంది రాలేదు. ఇప్పుడు మే నెల వచ్చేసింది. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాను సీజన్.

చుట్టుపక్కల పడవలవాళ్లను అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. దక్షిణానికి దిగిపోతే చాలని ఒకరు, మడ అడవిలోకి దూరి కట్టేసుకోమని ఒకరు, పడవను ఒడ్డెక్కించి విమానం ఎక్కేయమని ఇంకొకరు. మాకు మాత్రం వీలైనంతవరకు పడవలోనే ఉండాలని ఉంది. ఆ ఆర్నెల్లు నిజంగా ఎలా గడుస్తాయి? తుఫాను మన వైపే వస్తే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా? మా ఆవిడకు రాత్రిళ్లు ఇదే టెన్షన్.

పాత_లంగరు
నీలిదారి గారూ, తుఫానుకు పేరు పెట్టాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి చూడ్డానికి ఏమీ మిగలదు. భద్రమైన చోట్లన్నీ నిండిపోతాయి, పడవను పైకెత్తే క్రేన్ దగ్గర వరస కడతారు, విమానం టికెట్లు దొరకవు. మీరు ఈ నెలలోనే రెండు విషయాలు తేల్చుకోండి. సీజన్ తారస్థాయిలో, అంటే సెప్టెంబర్ 10 ప్రాంతంలో, పడవ ఎక్కడుండాలి? దాన్ని వదిలి మీరిద్దరూ ఏ దారిన బయటపడతారు? రెండో దానికి జవాబు లేకపోతే మొదటి జవాబు ఎంత బాగున్నా పనికిరాదు.

"దక్షిణానికి పోతే చాలు" అనే మాట గురించి. గ్రెనడా దాదాపు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంటుంది. అక్కడిదాకా తుఫాను రాదని చాలాకాలం పడవలవాళ్లు ధీమాగా ఉండేవాళ్లు. 2004 సెప్టెంబర్ 7న ఐవన్ తుఫాను ఆ దీవిని ఛిన్నాభిన్నం చేసింది. బోట్‌యార్డుల్లో స్టాండ్ల మీద నిలబెట్టిన పడవలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. మరుసటి ఏడాది జూలైలో ఎమిలీ వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రశాంతంగా గడిచాయి, మళ్లీ అదే ధీమా. 2024లో బెరిల్ జూన్ 28న వాయుగుండంగా మొదలై రెండు రోజులు నిండకముందే కేటగిరీ 4 (అయిదు మెట్ల తీవ్రతలో నాలుగోది) అయింది. జూలై 1న గ్రెనడాకే చెందిన కారియకూ దీవి మీద విరుచుకుపడింది. అక్కడి టిరెల్ బే మడ అడవుల్లో దాక్కున్న పడవలు ఎన్నో పాడయ్యాయి.

ట్రినిడాడ్ ఇంకా కిందికి, 10, 11 డిగ్రీల మధ్య. అక్కడ ప్రమాదం బాగా తక్కువ. అయినా పక్కనే ఉన్న టొబాగోను 1963లో ఫ్లోరా ఛిన్నాభిన్నం చేసింది. కాబట్టి దక్షిణానికి వెళ్లడం మంచి పనే, వెళ్లండి. కానీ అక్కడికి చేరాక కూడా తుఫాను వస్తే ఏం చేయాలో రాసిపెట్టుకోండి.

బారోమీటర్
వాతావరణం సంగతి నేను చెప్తాను. సముద్రం పైపొర సుమారు 26.5 డిగ్రీలు దాటితే తుఫానుకు కావాల్సిన ఇంధనం ఉన్నట్టే. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపల మాత్రం గాలిని సుడి తిప్పే బలం చాలదు, అందుకే అక్కడ తుఫాన్లు చాలా అరుదు.

సీజన్ మొదలయ్యాక ఆఫ్రికా తీరం నుంచి మూడు నాలుగు రోజులకొకటి చొప్పున అల్పపీడన తరంగాలు పడమరకు వస్తుంటాయి. ఎక్కువ భాగం వానా, ఈదురుగాలీ తెచ్చి వెళ్లిపోతాయి, కొన్నే తుఫానుగా మారతాయి. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ మామూలుగా గ్రీనిచ్ కాలమానంలో 3, 9, 15, 21 గంటలకు బులెటిన్ ఇస్తుంది. ఆ వేళల్ని మీ రోజువారీ అలవాటు చేసుకోండి.

వాళ్ల మ్యాప్‌లో కనిపించే కోన్‌ను చాలామంది పొరపాటుగా చదువుతారు. అది తుఫాను కేంద్రం నడవగల దారి మాత్రమే, తుఫాను వెడల్పు కాదు. పైగా సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లోనే కేంద్రం ఆ కోన్ లోపల ఉంటుంది. "మనం కోన్ బయట ఉన్నాం" అని ఊరట పడకూడదు.

ఓడలవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. 34 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) గాలి ఎంత దూరం వ్యాపిస్తుందని బులెటిన్ చెప్తుందో దానికి 24 గంటల అంచనాకైతే 100 నాటికల్ మైళ్లు, 48 గంటలకైతే 200, 72 గంటలకైతే 300 కలిపి, ఆ వలయం బయట ఉండాలి. ఇప్పుడు మీ పడవ వేగం చూడండి. 40 అడుగుల పడవ రోజంతా నడిస్తే 140 మైళ్లు పోతుంది. 15 నాట్ల వేగంతో కదిలే తుఫాను అదే రోజులో 360 మైళ్లు వస్తుంది. తుఫానును చూసి పారిపోవడం మనలాంటి పడవలకు కుదిరే పని కాదు. వెళ్లాలంటే అది పుట్టకముందే వెళ్లాలి.

పడవలో బారోమీటర్ ఉందా? ఉష్ణమండలంలో మామూలు రోజుల్లో కూడా పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఉదయం 10, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువ, తేడా సుమారు 3 హెక్టోపాస్కల్స్. ఇప్పటినుంచే నోట్‌బుక్‌లో రాస్తే మీ చోట ఏ గంటకు ఎంత ఉండాలో తెలిసిపోతుంది. ఆ గంటకు ఉండాల్సినదానికంటే 3 తగ్గితే జాగ్రత్త పడాలి, 5 తగ్గితే దగ్గర్లో ఏదో ఉన్నట్టే. ఈ చిన్న లయ చెడిపోవడమే చాలాసార్లు మొదటి సూచన.

గట్టిమోకు
అందరూ పడవ వదిలేయమనే చెప్తారని తెలుసు కాబట్టి రెండో వైపు నేను మాట్లాడతాను. తుఫానులో ముందు తెగేవి చాలావరకు ఎవరూ లేని పడవలే. మనిషి లోపలుంటే మోకు ఒరుసుకుంటున్న చోట గుడ్డ మార్చగలడు, ఇంజిన్ స్టార్ట్ చేసి గాలికి ఎదురుగా కొద్దిగా నడిపి గొలుసు మీద బరువు తగ్గించగలడు, పక్క పడవ లంగరు జారి మీదికొస్తుంటే తప్పించగలడు, బిల్జ్ పంప్ (పడవ అడుగున చేరే నీటిని తోడేది) ఆగితే చేత్తో నీళ్లు తోడగలడు. నేను ఇవన్నీ చేసినవాణ్నే. ఇల్లు అదే అయినప్పుడు దాన్ని గాలికి వదిలేసి హోటల్లో కూర్చోమంటే మనసొప్పదు.

పాత_లంగరు
గట్టిమోకు తమ్ముడూ, నువ్వు చెప్పిన పనులన్నీ 40, 50 నాట్ల గాలిలో నిజమే. దాని తర్వాత లెక్క మారిపోతుంది.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టికలో 40 అడుగుల పడవకు 30 నాట్ల గాలిలో లంగరు మీద పడే బరువు సుమారు 545 కిలోలు. 60 నాట్లకు దాదాపు 2,180 కిలోలు. అదే లెక్కన 120 నాట్లకు 8,700 కిలోల పైమాట. కేటగిరీ 5 అంటే 137 నాట్లు, ఆపైన. ఆ గాలిలో డెక్ మీద నిలబడలేం, గాలికి ఎదురుగా ఊపిరి తీసుకోలేం, కళ్లు తెరవలేం. మోకుకు గుడ్డ చుట్టేదెవరు? ఇంజిన్ నడుపుదామన్నా గాల్లో ఎగిరొచ్చిన తాడో గుడ్డో ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే అంతటితో సరి.

2023 అక్టోబర్ 25న మెక్సికోలోని అకాపుల్కో మీదికి ఒటిస్ తుఫాను వచ్చింది. ఒక్క రోజులో మామూలు తుఫాను స్థాయి నుంచి కేటగిరీ 5కి చేరింది. ఆ రాత్రి పడవల్ని కాపాడుకోవాలని వాటిలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు పని తెలియనివాళ్లు కారు, సముద్రం మీద బతికినవాళ్లే. వాళ్ల గురించి చదివినప్పటినుంచి ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా మాట్లాడుతున్నాను. పడవ పోతే ఇంకో పడవ కొనుక్కోవచ్చు, కొనుక్కోలేకపోయినా బతకొచ్చు. హరికేన్ వస్తుందంటే మనుషులు ఒడ్డు మీద, ఉప్పెన నీళ్లు చేరని ఎత్తులో, గట్టి కాంక్రీట్ భవనంలో ఉండాలి.

గట్టిమోకు
అన్నా, కేటగిరీ 5లో కూర్చోమని నేను అనలేదు. సీజన్లో ఎక్కువసార్లు వచ్చేవి 35, 50 నాట్ల గాలివానలు. వాటికి కూడా పడవ వదిలి పరుగెత్తితే అసలు కాపురమే చేయలేం. ఆ స్థాయిలో మనిషి ఉండటమే మేలు, ఆ మాట మీదే ఉన్నాను.

పాత_లంగరు
ఆ స్థాయి వరకు నీతో నాకు పేచీ లేదు. చిక్కల్లా బులెటిన్‌లో 50 అని చెప్పింది 36 గంటల తర్వాత 100 అయినప్పుడే. దాన్ని కూడా కలుపుకునే గీత గీయాలి.

ఒడ్డుమీద_పని
నేను బోట్‌యార్డ్‌లో పనిచేస్తాను. తుఫాను వెళ్లిపోయాక శిథిలాలు ఏరేవాళ్లం కాబట్టి ఏవి నిలిచాయో, ఏవి పోయాయో దగ్గరగా చూస్తాం. లంగరు ఊడటం కంటే మోకు ఒరిపిడితో తెగిన కేసులే నాకు ఎక్కువ కనిపించాయి.

నైలాన్ మోకు సాగుతుంది, కుదుపును మింగుతుంది, అందుకే మనకిష్టం. కానీ గంటల తరబడి సాగుతూ ముడుచుకుంటూ ఉంటే లోపల్లోపలే వేడెక్కుతుంది. అదే చోట చాక్ (డెక్ అంచున మోకు బయటికెళ్లే గాడి) దగ్గర ఒరుసుకుంటే త్వరగా బలహీనపడుతుంది. చాలామంది ప్లాస్టిక్ హోస్ తొడుగుతారు. దానివల్ల వాన నీరు మోకుకు తగలక చల్లబడదు, లోపల పోగులు కరిగి అంటుకుపోయిన మోకులు చేత్తో పట్టుకుని చూశాను. చాక్ గుండా వెళ్లే ముక్క పాలియెస్టర్‌ది పెట్టి, దాని అవతల నైలాన్ కలపండి. తొడుగు నీళ్లు పీల్చే నేత గుడ్డదైతే మంచిది. గొలుసు బరువు విండ్‌లాస్ (గొలుసు లాగే యంత్రం) మీద ఎప్పుడూ ఉంచొద్దు, డెక్ మీద మోకు కట్టే క్లీట్‌కో బొల్లార్డ్‌కో కట్టిన స్నబ్బర్ (కుదుపు మింగే మోకు) మీద పడాలి. ఆ క్లీట్ కింద డెక్ లోపల గట్టి పళ్లెం ఉందో లేదో ఇప్పుడే చూడండి. మోకు బాగుండి క్లీట్ ఊడొచ్చిన పడవలు కూడా ఉన్నాయి.

రెండోది, గాలికి దొరికేదేదీ పైన ఉండకూడదు. చుట్టిన జెనోవా తెరచాపను అలాగే వదిలేస్తారు, గాలికి ఒక అంచు దొరికితే చాలు, మొత్తం విప్పుకుని మాస్ట్‌నే (తెరచాప కట్టే నిలువు స్తంభం) ఊపేస్తుంది. పూర్తిగా దించి లోపల పెట్టండి. మెయిన్ తెరచాప, బిమినీ, స్ప్రేహుడ్ లాంటి గుడ్డ పైకప్పులు, సోలార్ ప్యానెళ్లు, డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ), డెక్ మీది డబ్బాలు అన్నీ అంతే. దీనికి ఇద్దరికి దాదాపు పూర్తి రోజు పడుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. గాలి మొదలయ్యాక తెరచాప దించడం అసాధ్యం.

ఒడ్డెక్కించే పనైతే యార్డ్‌ను అడగాల్సినవి: నేల కాంక్రీటా, మట్టా? మట్టి నానితే స్టాండ్ దిగబడుతుంది. ఎదురెదురు స్టాండ్లను గొలుసుతో కలుపుతారా? పడవను నేలలో పాతిన కొక్కేలకు బెల్టులతో బిగిస్తారా? మాస్ట్ దించుతారా? మాస్ట్ దించిన పడవ నిలిచే అవకాశం చాలా ఎక్కువ. ఫిజీలో అయితే కీల్‌ను (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క) నేలలో తవ్విన గోతిలోకి దించుతారు, పడవ పొట్ట టైర్ల మీద ఆనుకుంటుంది. పడటానికి చోటే ఉండదు, నాకు బాగా నచ్చిన పద్ధతి.

దక్షిణగాలి
ఫిజీ పేరు వచ్చింది కాబట్టి... మేం అటువైపే ఉంటాం. మా సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. దక్షిణార్ధగోళంలో తుఫాను గడియారం ముల్లు దిశలోనే తిరుగుతుంది, ప్రయాణించే దిశకు ఎడమ పక్క ప్రమాదం ఎక్కువ. మీ వైపు కుడి పక్క. పుస్తకాలు చదివేటప్పుడు ఏ అర్ధగోళానికి రాశారో చూసుకోండి.

2016 ఫిబ్రవరి 20న ఫిజీకి విన్‌స్టన్ తుఫాను వచ్చింది, కేటగిరీ 5. గోతుల్లో పెట్టిన పడవలు చాలావరకు బాగానే మిగిలాయని అక్కడి పడవలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఇక్కడ చాలామంది సీజన్‌కు ముందే న్యూజిలాండ్ వెళ్లిపోతారు, లేదంటే భూమధ్యరేఖ దగ్గరికి, మార్షల్ దీవుల వైపు ఎక్కుతారు. వెళ్లిపోవడాన్ని ఇక్కడెవరూ పిరికితనం అనుకోరు, ఏటా చేసే పనుల్లో అదొకటి.

చిన్నకెరటం
నీలిదారి గారూ, అందరూ పెద్ద తుఫాను గురించే చెప్తున్నారు, మీరడిగిన "ఎలా గడుస్తాయి" అన్నది నేను చెప్తాను. మా పాపతో పడవలోనే ఉన్నాం.

తుఫాను రాని రోజులే ఎక్కువ, అవే అలసట. వ్యాపార పవనాలు చాలాసార్లు పడిపోతాయి. పడవలో గాలాడదు, ఉక్కపోత. వాన మొదలవగానే కిటికీలన్నీ మూయాలి, ఆగగానే తెరవాలి, రాత్రి కూడా అంతే. నిద్ర ముక్కలవుతుంది. నిద్ర లేకపోతే చిన్న మాటకే గొడవలొస్తాయి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. వాన పడుతున్నా తెరిచి ఉంచగలిగేలా హ్యాచ్‌ల (డెక్ మీది మూత కిటికీలు) పైన గుడ్డ పందిరి కుట్టించండి, మా జీవితం దానివల్లే మారింది. ఫ్యాన్లు ఎన్ని పెట్టినా తక్కువే.

బూజు. పరుపుల కింద, అల్మరాల వెనక, లైఫ్ జాకెట్ల మీద. పరుపు కింద గాలి ఆడే జాలీ పరవండి, అల్మరా తలుపులు పగలు తెరిచి ఉంచండి. వెనిగర్‌తో తుడిస్తే కొంతకాలం ఆగుతుంది. డెక్ మీద ఎక్కడా వాన నీళ్లు నిలవనివ్వకండి, దోమలు గుడ్లు పెడతాయి, డెంగీ భయం.

నాకు తుఫాను కంటే పిడుగులంటే భయం. చుట్టూ నీళ్లు, మధ్యలో మన మాస్ట్. ఉరుములు దగ్గరైతే చేతి జీపీఎస్, చేతి రేడియో, ఒక ఫోన్ ఓవెన్‌లో పెట్టేస్తాం. ఇనుప పెట్టె కాబట్టి కొంత రక్షణ. యాంటెన్నా తీగలు పీకేస్తాం. పాపను మాస్ట్‌కూ, పక్క తాళ్లకూ దూరంగా పడవ మధ్యలో కూర్చోబెట్టి కథలు చెప్తాను. తనకి అది కథల టైం అని అలవాటైపోయింది.

జెనరేటర్ ఉంటే మాత్రం కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. వానకు అన్నీ మూసేసి జెనరేటర్ వేస్తే ఆ విషవాయువు లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు.

మలక్కా_తీరం
మేం మలేషియాలోని లంకావి దీవిలో ఉంటున్నాం, సుమారు 6 డిగ్రీల ఉత్తరం. అసలు తుఫాన్లు ఇక్కడిదాకా దాదాపు రావు. 2001లో వామై అనే తుఫాను భూమధ్యరేఖకు అతి దగ్గరగా, సింగపూర్ సమీపంలో పుట్టింది, అది అరుదుల్లో అరుదు. కానీ "సుమత్రాలు" అని పిలిచే ఈదురుగాలులున్నాయి. తెల్లవారుజామున నల్లటి మేఘపు గోడ మలక్కా జలసంధి దాటి వస్తుంది, నిమిషాల్లో 40, 50 నాట్లు, గంట తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది. అందుకే రాత్రి పడుకునే ముందు డింగీని పైకెత్తి కట్టేస్తాం, డెక్ మీద వదులుగా ఏదీ ఉంచం, వెనక ఒడ్డు ఎంత దూరమో చూసుకుని గొలుసు ఎక్కువే వదులుతాం. తుఫాను లేని చోటంటే గాలి లేని చోటని అర్థం చేసుకోవద్దు.

నీలిదారి
అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడ కూడా పక్కనే కూర్చుని చదువుతోంది, బారోమీటర్ నోట్‌బుక్ ఇవాళే మొదలుపెట్టింది.

రెండు సందేహాలు. మడ అడవిలో కట్టుకోవడం అసలు పనికొస్తుందా, రాదా? ఇన్సూరెన్స్ కాగితాల్లో "పేరు పెట్టిన తుఫాను" అని ఏదో షరతు ఉంది, దాని భావమేంటి?

పాత_లంగరు
మడ అడవి ఇప్పటికీ మంచి చోటే. వేర్లు అలను విరుస్తాయి, అడుగున మెత్తటి బురద, పడవ తగిలినా రాయి కాదు. ముక్కు మడ వైపు పెట్టి వేర్లకు ఎన్నో మోకులు సాలెగూడులా కట్టి, వెనక లంగర్లు వేస్తారు. ఉప్పెన వస్తే పడవ కొన్ని మీటర్లు లేస్తుంది, మోకులకు ఆ వదులు ఉండాలి.

అసలు సమస్య పక్కవాళ్లు. ఇర్మా తుఫాను 2017 సెప్టెంబర్ 6న వర్జిన్ దీవుల మీదికొచ్చినప్పుడు టోర్టోలాలోని పారాక్విటా బేలో పడవలు కిక్కిరిసి ఉన్నాయి. పేరున్న తుఫాను ఆశ్రయం అది. ఒకటి తెగితే పక్కదాన్ని లాక్కుపోయింది, చివరికి గుట్టలు గుట్టలు. మీరెంత బాగా కట్టినా పక్క పడవ మీ చేతిలో లేదు. కట్టేసి, మీరు మాత్రం బయటికి రండి.

ఒడ్డుమీద_పని
ఇన్సూరెన్స్ గురించి. "పేరు పెట్టిన తుఫాను" అంటే వాతావరణ సంస్థ పేరు ఇచ్చిన తుఫాను. చాలా పాలసీల్లో ఒక అక్షాంశ గీత ఉంటుంది, సీజన్లో దానికి ఉత్తరాన ఉంటే పేరు పెట్టిన తుఫాను నష్టం ఇవ్వరు, లేదా మన వాటా బాగా పెంచుతారు. గీత ఎక్కడన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొందరు రాతపూర్వక తుఫాను ప్లాన్ అడుగుతారు: పడవ ఎక్కడ, ఎవరు చూస్తారు, ఏవి దించుతారు. అందులో తెరచాపలు దించుతామని రాసి దించకపోతే క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు. నాకు తెలిసినవాళ్లకి ఒక కంపెనీ సరిగ్గా ఈ కారణం చూపించే డబ్బు ఆపింది. అన్నీ దించాక తేదీ, సమయం కనిపించేలా ఫోటోలు తీసి వాళ్లకు మెయిల్ పెట్టండి.

బారోమీటర్
గ్వాటెమాలాలో రియో డుల్సే సంగతి కూడా ఆలోచించండి. నది లోపలికి బాగా పోతే బయటి అలా, ఉప్పెనా అంతగా తాకవు, చాలామంది సీజనంతా అక్కడే కాపురముంటారు. కాకపోతే ముఖద్వారంలో ఇసుకమేట ఉంది, మీ కీల్ లోతు రెండు మీటర్ల దగ్గరుంటే ఆటుపోట్లు చూసుకునే దాటాలి.

నీలిదారి
మా కీల్ 2.1 మీటర్లు, అది కష్టం. ఇద్దరం మాట్లాడుకున్నాం. ఈ నెలాఖరుకే ట్రినిడాడ్ దిగుతాం. జూన్, జూలై అక్కడ నీళ్లలోనే పడవలో ఉంటాం. ఆగస్టు మొదట్లో, ఎలాంటి తుఫాను కబురూ లేకముందే, ఒడ్డెక్కించి మాస్ట్ దించేస్తాం. యార్డ్ ఒప్పుకుంది, కాంక్రీట్ నేల, బెల్టులు ఉన్నాయి. తుఫాను హెచ్చరిక వస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా చూసిపెట్టుకుంటున్నాం. గట్టిమోకు గారూ, మామూలు గాలివానలకు మీరు చెప్పినట్టు పడవలోనే ఉంటాం.

చివరిగా ఒకటి: పడవ ఒడ్డు మీదున్నప్పుడు కూడా అందులోనే పడుకోవచ్చా? యార్డ్ అభ్యంతరం లేదంటోంది.

ఒడ్డుమీద_పని
మామూలు రోజుల్లో పడుకోవచ్చు. నిచ్చెనను పైన తాడుతో కట్టండి, రాత్రి వానలో దిగేటప్పుడు జారుతుంది. సింక్ నీళ్లు బకెట్‌లో పట్టాలి, కింద స్టాండ్ల చుట్టూ నేల తడవకూడదు. కాక్‌పిట్ డ్రెయిన్లలో ఆకులు చేరకుండా వారానికోసారి నీళ్లు పోసి చూడండి. ఒడ్డు మీదున్న పడవలు వాన నీళ్లతో లోపలినుంచి నిండటం ప్రతి సీజన్లోనూ చూస్తాం. గాలివాన హెచ్చరిక వస్తే మాత్రం స్టాండ్ల మీదున్న పడవలో ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు, దిగి యార్డ్ భవనంలోకి వచ్చేయండి.